పాప తాగిన పాలు కక్కేస్తోంది, రాత్రిళ్లు మీరెలా నెట్టుకొచ్చారు?

మా పాపకి మూడో నెల. తల్లిపాలే పడుతున్నాను. తాగిన కాసేపటికే కక్కేస్తుంది. ఒక్కోసారి పాలు పాలుగానే, ఒక్కోసారి విరిగిన పాలలా ముక్కలుగా, పుల్లటి వాసనతో. అది మెడ మడతల్లోకి జారి చర్మం ఎర్రగా కందిపోతోంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

డాక్టరు గారికి చూపించాం. అన్నవాహిక కింది కండరం ఇంకా గట్టిపడలేదని, బరువు బాగా పెరుగుతోంది కాబట్టి మందులక్కర్లేదని, ఏడాది నిండేసరికి చాలామందికి తగ్గిపోతుందని అన్నారు. ఆకుపచ్చగా వచ్చినా, రక్తం కనిపించినా, దూరంగా చిమ్మినట్టు కక్కినా వెంటనే తెమ్మన్నారు. దేవుడి దయవల్ల అలాంటివేమీ లేవు.

నా బాధంతా రాత్రిళ్లే. మావారికి గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. పాలిచ్చాక అరగంట భుజాన వేసుకుని తేన్పు తీయించేసరికి నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. అత్తయ్యగారేమో బోర్లా పడుకోబెట్టు, గ్రైప్ వాటర్ పట్టు అంటారు. కక్కినా సరే వెల్లకిలానే పడుకోబెట్టాలని డాక్టరు గట్టిగా చెప్పారు, నేనూ అదే చేస్తున్నాను. అత్తయ్యగారిది ప్రేమే, కాదనలేను. ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

పాలు గొంతుకు అడ్డం పడతాయేమోనన్న టెన్షన్ మీకెలా తగ్గింది? మెడ మడతలు కందకుండా ఏం చేసేవారు? ఈ వానలకి బట్టలు కూడా ఆరడం లేదు. పిల్లల్ని ఇలా పెంచినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.