అప్‌డేట్: అరిగిపోయిన రోమన్ నాణెం సంగతి తేలింది

ఇంగ్లండ్‌లో పాత నాణేల సంతలో కొన్న, అక్షరాలు చెరిగిపోయిన రాగి నాణెం ఏ కాలానిదని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనికొచ్చింది మాత్రం ఒక్కటే: చీకటి గదిలో టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయడం. నేను చెట్టు అనుకున్నది ఇద్దరు సైనికుల మధ్య నిలిపిన జెండా కర్ర!

మ్యూజియంలో నాణేలు చూసే ఆవిడ ఆ ఫోటో, 1.5 గ్రాముల బరువు చూసి 'గ్లోరియా ఎక్సెర్కిటుస్' (లాటిన్‌లో 'సైన్యపు కీర్తి') రకం అన్నారు. రెండు కర్రలుంటే సుమారు క్రీ.శ. 330-335 మధ్యది, ఒక్కటే ఉంటే ఆ తర్వాతది. నాది ఒక్కటే. కింద 'టీఆర్' అంటే ట్రియర్ (ఇప్పటి జర్మనీలోని ఊరు) టంకశాల. నాణెం మీదున్నది రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైనా, ఆయన కొడుకుల్లో ఒకరా అన్నది ఇక తేలదట.

మిగతా సలహాల్లో అయస్కాంతం పరీక్ష దండగ. శుభ్రం చేయడానికని నిమ్మరసంలో వేయకపోవడమే మంచిదైంది, ఉన్న కాస్త బొమ్మా పోయేది.