పావురాల పల్టీ: పుట్టుగుణమా, తర్ఫీదా?

గూటిగడప:
రోలర్ పావురం గాల్లో వెనక్కి పల్టీలు కొట్టడం పుట్టుకతోనే వస్తుందని అందరూ తేల్చేస్తున్నారు. నేనొప్పుకోను. అక్బరు కొలువులో 20,000కు పైగా పావురాలుండేవి, వాటిలో మేలెంచినవి 500. ఆ మేలిపిట్ట ఒక్కొక్కటి 15 చర్ఖులు (గాల్లో పూర్తి చుట్టు), 70 బాజీలు (వెల్లకిలా తిరిగి కొట్టే పల్టీ) వేసేదని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. సాధన లేకుండా అంత కచ్చితమైన లెక్క ఎలా కుదురుతుంది?

నల్లముక్కు:
లెక్కపెట్టడం వేరు, నేర్పడం వేరండీ. 20,000లోంచి ఏరితే మిగిలినవి ఆ 500. పల్టీ ఎన్నడూ చూడని పిల్లలు కూడా పల్టీ కొట్టడం తాను కళ్ళారా చూశానని 1859లోనే డార్విన్ రాశాడు. పార్లర్ రోలర్‌నే తీసుకోండి. అది ఎగరలేక నేలమీదే దొర్లుతుంది. మామూలు జాతితో జతకడితే మొదటి తరం పిల్లలు దొర్లవు. ఆ పిల్లల్ని తమలో తాము జతకడితే కొన్నింటిలో ఆ గుణం మళ్ళీ బయటపడుతుంది. ఎగరొద్దని పిట్టకెవరైనా తర్ఫీదిస్తారా!

కిట్‌మేళం:
రక్తంలో ఉన్నా, మేపు తప్పితే పల్టీ కనబడదు. 30-35 రోజులకు తల్లి నుంచి విడదీసిన పిల్లల్ని వారంపాటు గూటిపైన తీగల పంజరంలో ఉంచాలి, చుట్టుపక్కల గుర్తుపడతాయి. మేత వేసే ప్రతిసారీ డబ్బా గిలకరించాలి. మొదటిసారి ఆకలిమీదే, సాయంత్రం వదలాలి. గుంపుకు 15-20 పిట్టలు, పిట్టకు రోజుకు 25-30 గ్రాముల గింజలు. మేత ఎక్కువైతే కప్పెక్కి కూర్చుంటాయి. మరీ తగ్గితే పల్టీ మధ్యలో తేరుకునే సత్తువ లేక కప్పుకు కొట్టుకుంటాయి. మేత సరిగా ఉన్నా పదేపదే నేలదాకా దొర్లుకొచ్చే పిట్టను మాత్రం జతకట్టకండి, ఆ లోపం సంతానానికీ దిగుతుంది.

గూటిగడప:
మరి ఎక్కడ వదిలినా ఇంటికి తిరిగొచ్చే హోమర్ పావురం? దూరం పెంచుకుంటూ వదిలితేనే కదా తిరిగొచ్చేది?

నల్లముక్కు:
2, 5, 10, 20, 40 కిలోమీటర్లు అంటూ పెంచేది దారి అలవాటవడానికి, ఒంటికి దమ్ము రావడానికి. ఇంటిమీద యావ ముందే ఉంటుంది. 1870-71లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు ఆ ఊరి పావురాలను బెలూన్లలో బయటికి పంపి, ఉత్తరాలు కట్టి వదిలేవారు. అవి పారిస్‌కే వచ్చేవి. ఇంకో ఊరికి వెళ్ళమని వాటికి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

కిట్‌మేళం:
టర్కీ డోనెక్ ఈ గొడవకు మంచి ఉదాహరణ. కింద డ్రాపర్‌ను, అంటే ఎగిరేవాటిని దించడానికి చూపే పావురాన్ని, చూపగానే పైనుంచి గిరగిరా తిరుగుతూ దూకుతుంది. ఆ తిరుగుడు జాతిది, డ్రాపర్‌ను చూసి దిగడం మాత్రం అలవాటు చేసింది.

గూటిగడప:
డోనెక్ సరే. రోలర్ పిల్లలు గుంపులో పెద్దవాటిని చూసే నేర్చుకుంటాయేమో? మొత్తం గుంపు ఒకేసారి పల్టీ కొడుతుంది కదా.

నల్లముక్కు:
పరీక్షించండి. రోలర్ గుడ్లను హోమర్ జత కింద పెట్టండి, రెండు జతలూ రెండు రోజుల తేడాలోపే గుడ్లు పెట్టి ఉండాలి. తేడా ఎక్కువైతే 17-18 రోజులకు పిల్ల బయటికొచ్చేసరికి పెంపుడు జతకు గొంతుపాలు (పిల్లకు గొంతుసంచిలోంచి పట్టే పాలు) ఊరవు. ఆ పిల్లల్ని హోమర్లతోనే, ఒకే మేతతో, రోజూ ఒకే వేళకు ఎగరేయండి. చూసి నేర్చుకోవడానికి పల్టీ కొట్టే పిట్ట లేకున్నా, చాలావరకు 3-6 నెలల్లో పల్టీ మొదలుపెడతాయి. కొన్ని ఏడాది తీసుకుంటాయి, కాబట్టి ఆరో నెలకే తీర్పు చెప్పొద్దు.