పీహెచ్‌సీలో వైద్యం బాగుందని డాక్టర్లు దేన్ని చూసి చెబుతారు?

సీహెచ్‌వో (విలేజ్ క్లినిక్ చూసుకునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఉదయగిరి వైపు:
విలేజ్ క్లినిక్‌లో ఓపీకి కొదవలేదు. 104 బండి నెలకు రెండుసార్లు వస్తుంది, డాక్టర్ గారు చూస్తారు. ఇప్పుడు ఎన్‌క్వాస్ (ఆసుపత్రుల నాణ్యతకు కేంద్రం పెట్టిన ప్రమాణాలు) అంటున్నారు, మార్కులు 70 శాతం దాటాలంట. చెక్‌లిస్టు నింపడం వచ్చు. కానీ రిజిస్టర్ తిరగేసి ఇక్కడ వైద్యం బాగుంది, బాగాలేదు అని డాక్టర్లు చెప్పేది దేన్ని బట్టి?

మెడికల్ ఆఫీసర్, ఆత్మకూరు వైపు:
ఓపీ లెక్క పక్కన పెట్టండి మేడం, జలుబులు, ఒళ్లునొప్పులతోనే అది నిండిపోద్ది. బీపీ రిజిస్టర్ తీయండి. పేర్లు 200, మూడు నెలల్లో వచ్చింది 120 మంది, వాళ్లలో 140/90 కంటే తక్కువున్నది 70 మంది అనుకుందాం. చాలామంది 70ని 120తో భాగించి 58 శాతం అని రాస్తారు. అసలు లెక్క 35 శాతం. రాని 80 మందిని వదిలేస్తే ఎట్టా?

తర్వాత అంకెలు చూడండి. 130/80, 140/90, 150/90... పేజీ అంతా సున్నాలేనా? డిజిటల్ మిషన్ 137 అంటది, 142 అంటది. వరసబెట్టి సున్నాలుంటే అది చూసి రాసింది కాదు, ఊహించి రాసింది. ఎండన పడి నడిచొచ్చిన మనిషిని 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. టీ, బీడీ అయ్యి అరగంట కావాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనబడుద్ది.

ఇంకోటి. 160 ఉన్నాయనకు ఆర్నెల్లుగా అదే బీపీ మాత్ర, ఆమ్లోడిపిన్ 5 ఎంజీ, రాస్తున్నారంటే, తప్పు ఆయనది కాదు, మనది.

ఫార్మసిస్టు, ప్రకాశం జిల్లా:
డోసు పెంచమంటారు సరే, ఇండెంట్ (పైనుంచి మందులు తెప్పించే లెక్క) ఎవరు పెంచాలి సార్? 200 మంది, రోజుకొకటి, నెలకు 6,000 మాత్రలని పెడతారు. అందులో 60 మందికి 10 ఎంజీ అయితే, 5 ఎంజీవి రెండేసి పోతాయి. అప్పుడు రోజుకు 260. సరుకు 23వ రోజుకే అయిపోద్ది. ఆ వారం మందు ఆగినోళ్లే మళ్లీ 170తో వస్తారు.
షుగర్ స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెట్టొద్దు, 30 డిగ్రీలు దాటే చోట ఉంచొద్దు. మే నెలలో కిటికీ పక్క బల్ల మీద పెడితే ఆ రీడింగు దేనికీ పనికిరాదు.

డాక్టర్, వింజమూరు వైపు:
డోసు పెంచే ముందు ఒక్క మాట అడగండి: "నొప్పి మాత్రలేమన్నా వేసుకుంటున్నావా అయ్యా?" మన మెట్ట ఊళ్లల్లో ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినోళ్లు డైక్లోఫెనాక్ కొనుక్కొని మింగుతుంటారు. అది బీపీ పెంచుద్ది, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు పని తగ్గిస్తది, కిడ్నీలనూ దెబ్బతీస్తది. బీపీ, షుగర్ ఉన్నోళ్లకు ఏడాదికోసారి కిడ్నీల కోసం రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూసి ఆ అంకె రిజిస్టర్‌లోనే వెయ్యండి. నెల్లూరు పెద్దాసుపత్రికి పంపినోళ్ల చీటీ తిరిగొచ్చిందా లేదా అన్నది కూడా నాణ్యతే. ఎన్ని పంపామో రాస్తాం, ఎన్ని తిరిగొచ్చాయో ఎవరూ రాయరు.

సీహెచ్‌వో:
బెంగళూరు పనికి పోయేవాళ్లకు రెండు నెలల మందు ఇవ్వొచ్చా సార్?

మెడికల్ ఆఫీసర్:
బీపీ అదుపులో ఉంటే 60 రోజులకు ఇవ్వండి, ఫోన్ నంబరు రాసుకోండి. 160 దాటినోళ్లకు వద్దు, ముందు డోసు కుదరాలి. ఆ రెండో నెల మాత్రలు కూడా ఇండెంట్‌లో కలపండి, లేకపోతే పైన ఫార్మసిస్టు గారు చెప్పిన 23వ రోజు ఇంకా ముందే వస్తది.