‘ముల్క్’ను తెలుగులో ఏమందాం?

రాలీ, నార్త్ కరోలినా నుంచి:
అందరికీ నమస్కారం. మా తెలుగు బడి పిల్లల పత్రిక కోసం ఒమర్ ఇబ్న్ సయీద్ గురించి నాలుగు పేజీలు రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా బండి ఆగిపోయింది.

ఆయన ఇప్పటి సెనెగల్ ప్రాంతంలోని ఫూటా టోరోలో పుట్టాడు. పాతికేళ్లు చదువుకున్నాడు. వాళ్ల ఊరి మీద పడ్డ సైన్యం పట్టుకుని అమ్మేస్తే, 1807లో ఓడలో చార్ల్స్‌టన్ వచ్చిపడ్డాడు. జాన్సన్ అనే యజమాని నుంచి పారిపోతే ఫేయెట్‌విల్‌లో పట్టుకుని జైల్లో వేశారు. అక్కడ గోడల మీద బొగ్గుతో అరబిక్ రాశాడని చెప్పుకుంటారు. ఆ తర్వాత జేమ్స్ ఓవెన్ కుటుంబం చేతికి వచ్చాడు. 1863లో చనిపోయేదాకా బానిసే. 1831లో తన కథ అరబిక్‌లో రాశాడు. అమెరికాలో బానిసగా ఉన్న మనిషి అరబిక్‌లో రాసుకున్న ఆత్మకథ ఇంకొకటి ఇంతవరకు బయటపడలేదు. 2017 నుంచి ఆ ప్రతి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది.

అయితే ఆ కథ ‘నేను పుట్టింది ఫలానా ఊళ్లో’ అని మొదలవదు. ఖురాన్ 67వ సూరాతో, అంటే అధ్యాయంతో, మొదలవుతుంది. సూరా పేరే ‘అల్ ముల్క్’. మొదటి వాక్యం ‘తబారకల్లజీ బియదిహిల్ ముల్క్’. ముల్క్ ఎవరి చేతిలో ఉందో ఆయన శుభప్రదుడు అని. ఆ ముల్క్‌ని నేను ‘సార్వభౌమాధికారం’ అని రాశాను. మా అమ్మాయి చదివి, “అమ్మా, ఇది సివిక్స్ పాఠమా?” అంది. మంచి మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

కడప మాస్టారు:
ఏలుబడి అనమ్మా. ఏలు, ఏలిక, ఏలుబడి. అచ్చ తెలుగు, పిల్లల నోరు తిరుగుతుంది. ‘ఎవని చేత ఏలుబడి గలదో’ అంటే వినడానికి కూడా బాగుంటుంది.

వరంగల్ నుంచి:
అక్కా, ముల్క్‌ని అట్లనే ఉంచితే ఏం? తెలంగాణల ఈ మాట తెల్వనోళ్లు ఎవరు? ముల్కీ అంటే ఈడి మనిషి, నాన్ ముల్కీ అంటే బయటోడు అనే లొల్లితోని రెండు తరాలు గడిచినయి. 1952ల మా తాత కాలేజీ పోరడు, ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అని ఊరేగింపుల తిరిగిండు. నిజాం నాటి రూల్ ప్రకారం పదిహేనేండ్లు ఈడ ఉంటే ముల్కీ అయితడు. ఆ లెక్కన 1831 నాటికి మీ ఒమర్ కరోలినాల పక్కా ముల్కీ!

రాలీ నుంచి:
తమ్ముడూ, నవ్వాపుకోలేకపోయాను. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకి ముల్కీ తెలియదు. పైగా మీరంటున్నది ఉర్దూ ముల్క్, దేశం అనే అర్థంలో. సూరాలో ఉన్నది దేశం కాదేమో కదా?

హైదరాబాద్, పాతబస్తీ నుంచి:
కాదు మేడమ్. మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు ఈ సూరానే, మేం తబారక సూరా అంటాం, చదవడం అలవాటు, అందుకే కల్పించుకుంటున్నా. మీమ్, లామ్, కాఫ్ అనే మూడు అక్షరాల ధాతువు అది. మలిక్ అంటే రాజు. మాలిక్ అంటే సొంతదారు. మిల్కియత్ అంటే ఆస్తి. ఇక మమ్లూక్ అంటే సొత్తైపోయినవాడు, అంటే బానిస. మీరు హిస్టరీలో చదివిన ఢిల్లీ బానిస వంశానికి మమ్లూక్ వంశం అన్న పేరు అక్కడిదే. రాజు, యజమాని, బానిస ముగ్గురూ ఒకే ధాతువులోంచి వచ్చారు. మరో మనిషి సొత్తుగా బతుకుతూ కాగితం మీద ఆయన మొదట రాసింది, అసలు సొత్తు ఎవరి చేతిలో ఉందో!

ఇంకోటి. ఖురాన్ మొదటి సూరా ఫాతిహాలో మేం ‘మాలికి యౌమిద్దీన్’ అంటాం. తీర్పు దినానికి యజమాని అని. పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా నడిచేది వర్ష్ పఠనం, ఖురాన్ చదివే పద్ధతుల్లో ఒకటి. అందులో అది ‘మలికి’. అంటే రాజు. ఒక్క దీర్ఘం తేడా.

కడప మాస్టారు:
భేషుగ్గా చెప్పారు నాయనా. మరి ఏలుబడిలో రాజరికమే ఉంది, సొంతదారుతనం లేదు. నా మాట నేనే వెనక్కి తీసుకోవాలేమో.

గుంటూరు నుంచి:
మేం చర్చికి వెళ్లేవాళ్లం. నాకు ‘రాజ్యం’ తోచింది. అరబిక్ ప్రభువు ప్రార్థనలో ‘నీ రాజ్యము వచ్చుగాక’ అన్న చోట ఉండేది మలకూత్, ఇదే ధాతువు. ఒమర్ తర్వాత ప్రెస్బిటేరియన్ చర్చిలో చేరాడు కదా. ఆత్మకథలోనే ఫాతిహా రాసి, ఒకప్పుడు ఇలా ప్రార్థించేవాణ్ని, ఇప్పుడు ‘మా తండ్రీ’ అని ప్రార్థిస్తున్నాను అంటాడు. రాజ్యం అంటే ఆయన రెండు ప్రార్థనలూ ఒకే మాట మీద కలుస్తాయి.

రాలీ నుంచి:
ఎంత బాగా చెప్పారండీ. కానీ ఆయన మతం మార్చుకున్నాడా లేదా అన్నది అంత తేలిక కాదు. 1857లో ఆయన అరబిక్‌లో రాసిన ఒక కాగితం ఉంది. దాని మీద ఎవరో ఇంగ్లిష్‌లో ‘ప్రభువు ప్రార్థన’ అనీ, రాసినవాడు గొప్ప క్రైస్తవ భక్తుడనీ రాసిపెట్టారు. అరబిక్ వచ్చినవాళ్లు చూస్తే అది ఖురాన్ 110వ సూరా, అన్ నస్ర్! చుట్టూ ఉన్నవాళ్లకు ఆ లిపి రాదు. ఆయన ఏం రాసినా వాళ్లు తమకు కావలసింది చదువుకున్నారు.

విశాఖ నుంచి:
పిల్లల పత్రికకి ఇంత లోతు అవసరమా? అయినా అమెరికాలో ఇస్లాం మొన్నమొన్న వలస వెళ్లినవాళ్లతో కదా వచ్చింది?

రాలీ నుంచి:
అదే కదండీ నేను రాస్తున్నది. మన వీసాల కంటే నూటయాభై ఏళ్లు ముందు, గొలుసులతో వచ్చింది. వర్జీనియా మత స్వేచ్ఛ చట్టం 1786లో పాసయింది. అందులో ఏసుక్రీస్తు పేరు చేర్చాలన్న సవరణ వీగిపోయిందనీ, అంటే యూదులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, హిందువులు, నమ్మకం లేనివాళ్లు అందరికీ ఆ చట్టం నీడ దొరకాలని సభ ఉద్దేశమనీ ఆ చట్టం రాసిన జెఫర్సన్ 1821లో రాసుకున్నాడు. సరిగ్గా అప్పుడు పక్క రాష్ట్రంలో ఒక మహమ్మదీయుడు ఓవెన్ గారి సొత్తు. జెఫర్సన్ గారి ఇంట్లోనూ బానిసలున్నారు లెండి.

వరంగల్ నుంచి:
అక్కా, దొరికింది. ‘దొరతనం’. దొర అంటే ఏలేటోడు, దొర అంటే మనిషిని సొంతం చేసుకునేటోడు గూడ. ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అన్న నోళ్లకు ఈ రెండింటికి తేడా ఏమున్నది? బాంచ అంటే బానిసనే గద.

కడప మాస్టారు:
ఇదీ మాటంటే! పాత పుస్తకాల్లో కంపెనీ సర్కారునే ‘దొరతనమువారు’ అనేవాళ్లు. ప్రభుత్వం, యజమానితనం రెండూ ఆ మాటలో ఉన్నాయి. నా ఓటు దీనికే.

హైదరాబాద్, పాతబస్తీ నుంచి:
అల్లా విషయంలో దొర అనడం మా పెద్దలకు కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. దొర అనగానే గడీ, అంటే ఊరి దొర కోటలాంటి ఇల్లు, గుర్తొస్తుంది. కానీ ఒమర్ కలం నుంచి అయితే ఆ గడీ గుర్తు రావాలనే అంటాను. ఖురాన్ అనువాదంగా కాకుండా, ఒమర్ మాటగా వేయండి. ఎందుకలా రాశారో కింద ఒక వాక్యం పెట్టండి.

రాలీ నుంచి:
అలాగే భాయ్. ‘దొరతనమంతా ఎవరి చేతిలో ఉందో ఆయనే శుభప్రదుడు.’ అమ్మాయికి చదివి వినిపించాను. “దొర అంటే మాస్టరా?” అంది. సరిపోయింది.

ఒక ముచ్చట, పనిలో పని. జైలు గురించి ఆయన ‘పెద్ద ఇల్లు’ అని రాసి, క్రైస్తవుల భాషలో దాన్ని జైలు అంటారు అని వివరణ ఇస్తాడు. ఇంగ్లిష్ ఆయనకు క్రైస్తవుల భాష! చెరసాల అని రాద్దామనుకున్నా గానీ అప్పుడు ఆ వివరణకి అర్థమే ఉండదు. పెద్ద ఇల్లు, జైలు రెండూ ఉంచేశాను.

ఇంకొకటి మిగిలింది. చర్చికి వెళ్లే ఊళ్లో ఉన్న ఆ జాన్సన్‌ని ఒమర్ ‘కాఫిర్’ అంటాడు, దేవుడి భయం బొత్తిగా లేనివాడని. నాస్తికుడు అంటే తప్పు. అవిశ్వాసి అంటే చప్పగా ఉంది. మాస్టారూ, మీ వంతు.

కడప మాస్టారు:
రేపు చెప్తానమ్మా. ఇక్కడ కరెంటు పోయింది, ఫోన్‌లో చార్జింగ్ ఆరు శాతం.