యూరియా వేసిన వైపు వేర్లు పైపైనే ఉన్నాయి, ఎందుకు?

ఎర్రనేల:
ఒకే చేలో మొక్కజొన్న వేశాను. సగం చేనుకి ఆఖరి దుక్కిలో చివికిన పశువుల ఎరువు తోలి, తర్వాత కొద్దిగా యూరియా వేశాను. మిగతా సగానికి పశువుల ఎరువు చాలలేదు. అక్కడ విత్తేటప్పుడు డీఏపీ, పైపాటుగా యూరియా, అంతే. మొదట్లో యూరియా వైపే ముదురుపచ్చగా, ఏపుగా పెరిగింది. కానీ వాన వెనక్కి పోగానే ముందు వాడింది కూడా అదే. రెండు వైపులా మొక్కలు పీకి చూశాను. యూరియా వైపు వేర్లు పొట్టిగా, పైపైనే ఉన్నాయి, కొన్నిటి కొసలు మాడినట్టున్నాయి. రెండో వైపు పీచు వేర్లు గుత్తులుగా, మట్టి అంటుకుని వచ్చాయి. యూరియా వేరుని ఎదగనివ్వదా? వచ్చే పంటకి పూర్తిగా మానేయాలా? టెన్షన్‌గా ఉంది.

చేనుగట్టు:
మానేయకండి. ముందు వేర్లు సరిగ్గా చూడండి. పీకితే సన్నవేర్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, గట్టినేలలో మరీ ఎక్కువ. మొక్కకి జానెడు దూరంలో పారతో తవ్వి, గడ్డతో సహా తీసి, బకెట్ నీళ్లలో నానబెట్టి కడగండి.

యూరియా ఇచ్చే నత్రజని పుష్కలంగా దొరికితే మొక్క తన బలాన్ని ఆకులకి, కాండానికి ఎక్కువ పెడుతుంది, వేర్లకి వాటా తగ్గుతుంది. పైన ఆవిరయ్యే నీరు ఎక్కువ, కింద తాగే వేరు తక్కువ. బెట్టకి ముందు వాడేది అలాంటి మొక్కే.

కొసలు మాడడానికి కారణం ఇంకొకటి. ఎరువు గుళికల చుట్టూ లవణాలు చిక్కబడి వేరులోని నీటిని లాగేస్తాయి. యూరియా, డీఏపీ రెండింటి నుంచీ అమ్మోనియా కూడా వస్తుంది, లేతవేరు దానికి తట్టుకోలేదు. అందుకే ఎరువు విత్తనానికి రెండంగుళాలు పక్కన, రెండంగుళాలు కింద పడాలి. కిందే ఎందుకంటే, నత్రజని నీటితో పాటు దిగుతుంది గానీ డీఏపీలోని భాస్వరం పడ్డచోటు నుంచి మిల్లీమీటర్ల దూరం కూడా కష్టంగా కదులుతుంది. వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి. పైన చల్లిన భాస్వరం పైమట్టి ఆరిపోయాక ఉన్నా లేనట్టే.

నల్లరేగడి:
పశువుల ఎరువుని పోషకాల లెక్కతో మాత్రమే చూడకండి. టన్ను ఎరువులో నత్రజని సుమారు 5 కిలోలే, వంద కిలోల యూరియాలో 46 కిలోలు. ఆ కొద్ది నత్రజనిలో కూడా చాలా భాగం మెల్లగా, తర్వాతి పంటల దాకా విడుదలవుతుంది. అసలు మేలు నేల గుల్లబారడంలో ఉంది. నీరు ఇంకుతుంది, గాలి ఆడుతుంది, వేరు సులువుగా లోతుకి దిగుతుంది.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒకే చేలో గోధుమ మీద ఈ పోలిక నడుస్తోంది. ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో సేంద్రియ కర్బనం, ఎరువే వేయని మడితో పోలిస్తే, రెట్టింపు దాటింది. రసాయన ఎరువుల మడుల్లో పెరిగింది కొంచెమే. అయినా దిగుబడిలో అవి వెనకబడలేదు. కాబట్టి నా అభిప్రాయం, రెండూ కావాలి.

పచ్చిపేడ మాత్రం తోలకండి. వేరుపురుగు, చెద వస్తాయి. గడ్డి ఎక్కువ కలిసిన చివకని ఎరువైతే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని తీసేసుకుంటాయి. పైరు పసుపు తిరుగుతుంది.

ఎర్రనేల:
ధన్యవాదాలండీ. ఇంకొకటి. డీఏపీ ఎక్కువ పడిన సాళ్లలో లేత ఆకుల మొదట్లో, మధ్య ఈనెకి రెండు వైపులా తెల్లటి పట్టీలున్నాయి. అదీ వేరు దెబ్బేనా?

చేనుగట్టు:
అది జింక్ లోపం లక్షణం. భాస్వరం మోతాదు మించితే మొక్కకి జింక్ అందడం తగ్గుతుంది. వేర్లతో కలిసి బతుకుతూ దూరం నుంచి భాస్వరాన్ని, జింక్‌ని తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రం కూడా భాస్వరం ఎక్కువైన నేలలో తగ్గిపోతుంది. ఇప్పటికి జింక్ సల్ఫేట్ ఆకుల మీద పిచికారీ చేయండి. నేలలో వేసేటప్పుడు డీఏపీతో కలపొద్దు, రెండూ కలిస్తే కరగని రూపంలోకి మారిపోతాయి. పంట కోశాక, ఏ ఎరువూ వేయకముందే రెండు భాగాల మట్టీ విడివిడిగా భూసార పరీక్షకి పంపండి. భాస్వరం ఇప్పటికే ఎక్కువగా ఉంటే వచ్చే పంటకి డీఏపీ తగ్గించొచ్చు. యూరియా ఒకేసారి కాకుండా, నేలలో పదును (తడి) చూసి రెండు మూడు దఫాలుగా వేయండి.