బిల్లీ థార్ప్ పాటను గిటార్ పెంచిందా, ముంచిందా?

పాతరికార్డుల పెట్టె (చర్చ ప్రారంభించినవారు)

ఆస్ట్రేలియా రాక్ సంగీతం గురించి రాసేవారు బిల్లీ థార్ప్ కథను దాదాపు ఒకే మూసలో చెబుతారు. 1960లలో ఆయన సూటు వేసుకొని ఇతరుల పాటలు పాడుకున్న కుర్ర గాయకుడట. 1970 వచ్చేసరికి జుట్టు పెంచి, గిటార్ భుజాన వేసుకొని, చెవులు చిల్లులు పడే మోతతో అసలు సంగీతంలోకి అడుగుపెట్టాడట. ఈ కథ తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఆయనకు పుట్టుకతో వచ్చిన సంపద గొంతు. గిటార్ మధ్యలో వచ్చి చేరింది. వెనక వచ్చిన కొమ్ము ముందు వచ్చిన చెవిని మించిపోయిందని నేనంటాను. కాదనేవారు ఆధారాలతో రావాలని కోరుతున్నాను.

1946లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో బ్రిస్బేన్ చేరిన ఈ పిల్లవాడు, మీసాలైనా రాకముందే 'లిటిల్ రాక్ ఆలెన్' అన్న పేరుతో క్వీన్స్‌లాండ్ టెలివిజన్‌లో పాడాడు. సిడ్నీకి వచ్చి, అప్పటికి వాద్యసంగీతం మాత్రమే వాయిస్తున్న ఆజ్‌టెక్స్ బృందానికి గాయకుడయ్యాడు. ఆ ఊళ్లోని కింగ్స్ క్రాస్ ప్రాంతంలో ఉన్న సర్ఫ్ సిటీ అనే సంగీతశాల వారి అడ్డా. 1964లో వారు పాడిన 'పాయిజన్ ఐవీ', అమెరికాలో కోస్టర్స్ బృందం అప్పటికే పాడేసిన పాటే అయినా, బీటిల్స్ సిడ్నీలో అడుగుపెట్టిన రోజుల్లో ఆ ఊరి పాటల పట్టికలో వారి పాటలను దాటి మొదటి స్థానంలో నిలిచింది. ఆ తర్వాత కొద్దికాలానికే 'ఓవర్ ద రెయిన్‌బో' పాడాడు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఆ పాటలో స్వరాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలిసి పాడిన తీరు విన్నవారికి నా వాదన సగం అర్థమైపోతుంది.

ఆ తర్వాత 1971లో వచ్చిన ఆల్బమ్‌లో ఒక్క పాటే 20 నిమిషాలు దాటి సాగుతుంది. 1972లో మెల్‌బోర్న్ దగ్గరి సన్‌బరీలో జరిగిన ఆరుబయటి సంగీతోత్సవపు ప్రత్యక్ష రికార్డింగులోనూ ఇదే వరస. అందులో పాట ఎంత, గిటార్ సాగదీత ఎంత అని గడియారం పెట్టుకొని లెక్కగడితే, గాయకుడికి దక్కిన వాటా చూసి జాలి కలుగుతుంది.

సన్‌బరీ దారిలో

పెట్టె గారూ, మీ లెక్కలో గడియారం ఉంది కానీ పటం లేదు. నేను మెల్‌బోర్న్ వాయవ్య శివార్లలో ఉంటాను. తుల్లమరైన్ విమానాశ్రయానికి వచ్చే మన బంధువులను తీసుకొచ్చేటప్పుడు సన్‌బరీ వైపు చూపించే బోర్డు ప్రతిసారీ కనబడుతుంది. ఆ ఊరి పేరు చెప్పగానే మనవాళ్లకు గుర్తొచ్చేది, గుర్తొస్తే, యాషెస్ క్రికెట్ కప్పు పుట్టిన రూపర్ట్స్‌వుడ్ భవనం. కానీ 1972 జనవరి చివరి వారాంతంలో ఆ పరిసరాల్లోని ఒక రైతు పొలంలో, వాగు పక్క పల్లంలో సుమారు 35 వేల మంది కూర్చొని విన్నది థార్ప్‌నే. ఆ వేదికపై ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో దిగుమతి చేసుకున్న తారలు లేరు. అంతకు ఎనిమిదేళ్ల క్రితం బీటిల్స్ కోసం వీధుల్లో బారులు తీరిన దేశంలో, స్థానిక బృందాలను మాత్రమే వినడానికి అంతమంది డబ్బు పెట్టి వచ్చారంటే, దానికి ముందు ఏదో ఒకటి మారి ఉండాలి. ఆ మార్పు ఎలా వచ్చిందో చూడకుండా థార్ప్ గిటార్‌ను తూకం వేయలేము.

మొదటి విషయం: ఆయన గిటార్ పట్టింది ఫ్యాషన్ కోసం కాదు. 1966లో 'ఇట్స్ ఆల్ హ్యాపెనింగ్' అనే టెలివిజన్ కార్యక్రమాన్ని నడిపించినంత ప్రముఖుడు, దశాబ్దం ముగిసేలోగా దివాలా తీశాడు. తొలి ఆజ్‌టెక్స్ అప్పటికే డబ్బు తగాదాతో విడిపోయారు. ఇంగ్లండ్ వెళ్లిపోదామనుకుంటూ, దారిలో కొద్దిరోజుల ప్రదర్శనల కోసం మెల్‌బోర్న్ వచ్చినప్పుడు బృందంలో గిటారిస్టు కొరవడితే తానే ఆ పనికి పూనుకున్నాడు. అంటే మీరు మోజు అనుకుంటున్నది అవసరం.

రెండో విషయం లాబీ లాయిడ్. బ్రిస్బేన్ నుంచే వచ్చిన ఈ గిటారిస్టు కొత్త ఆజ్‌టెక్స్‌లో చేరి, బ్లూస్‌ను (అమెరికా నల్లజాతివారి నుంచి వచ్చిన సంగీత శైలిని) నెమ్మదిగా, బరువుగా, గట్టిగా వాయించే పద్ధతిని ఆ బృందానికి అలవాటు చేశాడు. ఆయన 1971 ఆరంభంలోనే వెళ్లిపోయినా, ఆ పద్ధతి మాత్రం నిలిచింది. గురువు వెళ్లాక కూడా పాఠం గుర్తుపెట్టుకున్న శిష్యుణ్ణి మనం సాధారణంగా తప్పుపట్టము కదా.

మూడోది చట్టానికి సంబంధించినది. అసలు కీలకం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. విక్టోరియా రాష్ట్రంలో 1966 వరకు మద్యశాలలు సాయంత్రం 6 గంటలకే మూతపడేవి. పని వదిలిన జనం గంటలోపే తాగగలిగినంత తాగి ఇళ్లకు పోయేవారు. అక్కడ సంగీతానికి చోటే లేదు. ఆ నిబంధన తొలగి రాత్రి 10 దాకా తలుపులు తెరిచాక, శివార్లలోని పెద్ద పెద్ద హోటళ్లకు (అక్కడ మద్యశాలలను అలాగే అంటారు) జనాన్ని కూర్చోబెట్టే వినోదం కావలసి వచ్చింది. గ్లాసుల చప్పుడు, వాదులాటలు, నవ్వులు నిండిన హాలులో 'ఓవర్ ద రెయిన్‌బో'ను మెల్లగా ఎత్తుకుంటే వినేదెవరు? ఆ హాళ్లలో బతకగలిగే సంగీతాన్ని కనిపెట్టినవారిలో థార్ప్ ముందువరుసలో ఉన్నాడు. తర్వాతి దశాబ్దంలో ఏసీ/డీసీ, రోజ్ టాటూ, కోల్డ్ చిజల్ వంటి రాక్ బృందాలు నడిచిన బాట అదే.

మైకుసెట్టు

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. గుంటూరు జిల్లాలో ఇరవయ్యేళ్లపాటు పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ సౌండ్ కట్టినవాణ్ణి కాబట్టి, 'మోత' అన్న మాట దగ్గర నా వంతు చెబుతాను.

ఆంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. మనిషి చెవికి 'రెట్టింపయింది' అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. కాబట్టి ఆజ్‌టెక్స్ వేదిక మీద గోడలా పేర్చిన పెట్టెలన్నీ వట్టి ఆర్భాటం కాదు. ఇంకో సంగతి, ఆ కాలపు వాల్వు ఆంప్లిఫయర్‌ను సగంలో పెడితే గిటార్ తీగ మీటిన మరుక్షణమే చల్లారిపోతుంది. చివరిదాకా తిప్పితే వాల్వులు తట్టుకోలేక శబ్దాన్ని నొక్కి, గరగరలాడించి, స్వరాన్ని సాగదీస్తాయి. స్పీకరు ముందుకు వెళ్తే ఆ శబ్దమే తీగను మళ్లీ కదిలిస్తుంది. అంటే గట్టిగా వాయించడం వేరు, మెల్లగా వాయించిన దాన్నే తర్వాత పెంచి వినడం వేరు. ఇంట్లో బొటనవేలంత స్పీకరులో విని 'సాగదీత' అనడం, తిరునాళ్ల ప్రభను ఫొటోలో చూసి చిన్నదిగా ఉందనడం లాంటిది.

అయితే పెట్టె గారి గొంతు వాదన విషయంలో నాకు ఒకటి తోస్తోంది. ఆ రోజుల్లో వేదికపై ప్రతి వాద్యానికీ మైకు పెట్టి కలిపే పద్ధతి ఇంకా సరిగ్గా కుదురుకోలేదు; గిటార్లు తమ పెట్టెల్లోంచి నేరుగా జనం మీదికి దూకేవి, గొంతుకు మాత్రం పక్కన నిలబెట్టిన స్పీకర్లే దిక్కు. ఆ సన్‌బరీ రికార్డును హెడ్‌ఫోన్‌లో ఒక చెవికి మాత్రమే పెట్టుకొని విన్నాను. అంత గిటార్ పైనా థార్ప్ అరుపు విడిగా, పదాలతో సహా వినబడుతోంది. డోలు ఎంత గట్టిగా మోగినా నాదస్వరం దాన్ని చీల్చుకొని ఎందుకు వినబడుతుందో, ఇదీ అందుకే: మన చెవి అన్నిటికంటే చురుగ్గా పట్టుకునే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఆ గొంతులో బలం ఉంది. గిటార్ గొంతును ముంచలేదండీ; ఆ గొంతు లేకపోతే అంత గిటార్ పెట్టుకొనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

చెవులకు చేటు మాత్రం నిజం. 85 డెసిబెల్స్‌ను 8 గంటలు భరించవచ్చనుకుంటే, 100 డెసిబెల్స్ దగ్గర ఆ హద్దు 15 నిమిషాలకు పడిపోతుంది. ఇరవయ్యేళ్ల తర్వాత నా ఎడమ చెవి ఆ సంగతి నాకు రోజూ గుర్తుచేస్తోంది.

వేపచెట్టు నీడ

సంగీతం పక్కనుంచి ఒక మాట అడుగుతాను. సన్‌బరీని పవిత్రస్థలంలా వర్ణించేవారు, అక్కడ జనం సమూహంగా అరిచిన నినాదం బీరు ఇంకా ఇంకా తాగమని చెప్పే బూతుమాట అని ఎందుకు చెప్పరు? ఆ వేదికలపై స్త్రీలు ఎంతమంది ఉన్నారని ఎవరూ లెక్కించరేం? థార్ప్ తెచ్చిన 'మద్యశాల రాక్' తర్వాత ఒక తరం పాటు ఆ దేశంలో మగవాళ్ల చెమటకే విలువ కట్టింది. మోత ఒక కొలమానమైతే, ఆ కొలమానంలో ఇమడని గొంతులు బయటే ఉండిపోతాయి. దీనికి ఆయన ఒక్కడే బాధ్యుడని నేననడం లేదు. కానీ ఆయనను పితామహుడు అంటున్నప్పుడు, ఇంటిపేరుతో పాటు ఇంటి అప్పు కూడా ఆయన ఖాతాలోకే రావాలి.

సన్‌బరీ దారిలో

వేప గారి మాటను నేను తోసిపుచ్చలేను. ఆ ఉత్సవం చివర కూడా గొప్పగా ఏమీ లేదు: 1974లో అప్పటికి పేరులేని క్వీన్ బృందాన్ని జనం ఎగతాళి చేసి పంపారు, 1975లో డీప్ పర్పుల్‌కు 60 వేల డాలర్లు ముట్టాయి, నిర్వాహకులు నష్టపోవడంతో స్థానిక బృందాల్లో చాలామందికి చిల్లిగవ్వ దక్కలేదు. విదేశీ తారలు అక్కర్లేదని నిలబడిన పొలం, విదేశీ తారకు చెల్లించే మూతపడింది. అయితే ఈ పాపంలో థార్ప్ గిటార్‌కు వాటా ఎంత అన్నది వేరే చర్చ. దయచేసి దానికి వేరే శీర్షిక పెట్టండి.

పాతరికార్డుల పెట్టె

మైకుసెట్టు గారి నాదస్వరం ముందు నేను ఒక మెట్టు దిగుతున్నాను. గొంతు మునిగిపోయిందన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గొంతుకు చేతనైన పనులు తగ్గిపోయాయన్న మాటను తీసుకోను. చీల్చుకొని వినబడే అరుపు ఒక్కటే గాయకుడి పని కాదు కదా. నాదస్వరం చీల్చుకొని వినబడుతూనే ఆలాపనా చేస్తుంది.

నా పక్షాన బలమైన సాక్షి ఆయన సొంత పాటే. ఆజ్‌టెక్స్ అత్యంత గట్టిగా మోగుతున్న 1972లోనే వచ్చిన 'మోస్ట్ పీపుల్ ఐ నో', వారికి దేశమంతటా అన్నిటికంటే పెద్ద పేరు తెచ్చింది. దాన్ని వినండి. గిటార్ తీగలు తాపీగా మోగుతుంటే, గొంతు పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మొదలవుతుంది. తనను చాలామంది పిచ్చివాడనుకుంటారని చెప్పుకునే ఆ పల్లవి దగ్గరకు వచ్చేసరికి మెల్లగా మెట్లెక్కి, పైన ఒక్కచోట మాత్రమే పూర్తిగా విప్పుకుంటుంది. గోడలాంటి స్పీకర్ల మనిషిని జనం గుండెల్లో పెట్టుకున్నది గోడ వల్ల కాదు, ఆ గోడలో ఆయన వదిలిన కిటికీ వల్ల. మోత అంత గొప్పదైతే, అమెరికా ఎందుకు పట్టించుకోలేదు?

సన్‌బరీ దారిలో

పట్టించుకుంది. 1976లో లాస్ ఏంజిలిస్ వెళ్లిన థార్ప్, 1979లో అంతరిక్షం నుంచి వచ్చినవారు మనుషులను వెంటబెట్టుకుపోయే కథతో 'చిల్డ్రన్ ఆఫ్ ద సన్' ఆల్బమ్ చేశాడు. అక్కడి రేడియోలు దాన్ని బాగానే వినిపించాయి. అది పైకి పాకుతున్న సమయంలోనే దాన్ని విడుదల చేసిన క్యాప్రికార్న్ సంస్థ దివాలా తీసింది. ఒక మనిషికి దివాలా రెండుసార్లు, ఒకసారి సొంతంగానూ ఒకసారి పరాయివారిదిగానూ తగలడం దురదృష్టమే కానీ, సంగీత లోపం కాదు.

'మోస్ట్ పీపుల్' విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాకపోతే దాన్ని నా సాక్షిగా పిలుస్తాను. ఆ పాట రాసింది 1964 నాటి పాప్ గాయకుడు కాదు. పరాయి పాటలు పాడటం మానుకొని, నాలుగేళ్లు గిటార్‌తో సావాసం చేసి, తన మాట తాను చెప్పుకోవడం నేర్చుకున్న మనిషి. చేతిలో గిటార్ లేకపోతే మీరు అంతగా మెచ్చిన ఆ కిటికీయే లేదు.

నిశాచరుడు

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఇద్దరూ ఒక రికార్డును మరిచిపోయారు. 1990లలో థార్ప్ ఆస్ట్రేలియాకు తిరిగి వచ్చాడు. 2002లో పాతతరం బృందాలన్నిటినీ కూడగట్టి దేశమంతా తిప్పిన భారీ యాత్రకు నిర్మాతల్లో ఒకడయ్యాడు. 2007 ఫిబ్రవరి 28న, అరవయ్యేళ్ల వయసులో, గుండెపోటుతో సిడ్నీలో కన్నుమూశాడు. లాబీ లాయిడ్ కూడా అదే ఏడాది ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో పోయాడు. థార్ప్ పోయిన తర్వాత 'సోలో' పేరుతో విడుదలైన చివరి ప్రత్యక్ష రికార్డింగుల్లో ఆజ్‌టెక్స్ లేరు, పెట్టెల గోడ లేదు. ఒక అకూస్టిక్ గిటార్, ఆయన గొంతు, మధ్యమధ్య కబుర్లు. దాన్ని విన్నాక మీ ఇద్దరి తీర్పులూ చెప్పండి.

పాతరికార్డుల పెట్టె

విన్నాను, రెండుసార్లు. నలభయ్యేళ్లు అరిచిన గొంతు అరిగిపోయి ఉంటుందని, నా వాదనకు అదే ముగింపు సాక్ష్యమవుతుందని అనుకొని మొదలుపెట్టాను. అరగలేదు. గిటార్ కూడా గొంతు ఆగినచోట మాత్రమే మాట్లాడుతోంది. 1972లో ఈ మర్యాద ఎందుకు పాటించలేదని సన్‌బరీ దారిలో గారిని అడగాలని ఉంది కానీ, ఆ హాళ్లలో గ్లాసుల చప్పుడు గురించి మళ్లీ మొదలుపెడతారు.

సన్‌బరీ దారిలో

మొదలుపెడతాను. అయితే ముందు ఆ రికార్డు మొదటి నుంచి మరోసారి వినాలి. ఈ శనివారం ఎటూ విమానాశ్రయానికి వెళ్లే పని ఉంది.