ఇంట్లోంచే నెలకి ఐదారు వేలు: పసిపిల్లలున్న తల్లులకి నిజంగా ఏవి కుదిరాయి? (శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు చెప్పండి)

ఆమదాలవలస_అమ్మ
అందరికీ నమస్తే. నాకు ఇద్దరు పిల్లలు. పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఎనిమిది నెలలు. బీకాం చదివాను. పెళ్ళికి ముందు విశాఖలో ఒక స్టీలు సామాన్ల షాపులో రెండేళ్ళు బిల్లింగు చూశాను. ఇప్పుడు బయటికెళ్ళి ఉద్యోగం చేసే వీల్లేదు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, పసివాణ్ణి ఎత్తుకుని తిరగలేరు. పగలు బాబు పడుకున్న గంటన్నర, రాత్రి తొమ్మిది దాటాక ఇంకో రెండు గంటలు, నాకు దొరికే టైము అంతే. "ఇంట్లో కూర్చుని నెలకి లక్ష" అనే వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది. మన వైపు నిజంగా చేసినవాళ్ళు ఎంత పెట్టారో, ఎంత మిగిలిందో, ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పండి. ఐదారు వేలు వచ్చినా నాకు చాలు.

కుట్టుమిషను (విజయనగరం)
నాది టైలరింగ్, ఏడేళ్ళయింది. మొదట్లో నాకు మిషనే లేదు. మా వీధి చివర టైలరక్క దగ్గర్నుంచి జాకెట్లు తెచ్చుకుని హెమ్మింగ్ చేసి, హుక్సులు కుట్టి ఇచ్చేదాన్ని. జాకెట్టుకి ముప్పై రూపాయలు. పిల్ల ఏడిస్తే సూది జాకెట్టుకే గుచ్చి అలమారా పైన పెట్టేసి లేచేదాన్ని. తర్వాత ఫాల్సు, పీకో. ఆ తర్వాతే సెకండ్ హ్యాండ్ మిషను కొని జాకెట్లు మొదలుపెట్టాను.

చెల్లీ, నన్నడిగితే ఏ పని మొదలుపెట్టబోయినా ఒక్కటి చూసుకోండి: మధ్యలో వదిలేసి లేవొచ్చా, లేదా? జాకెట్టు సగంలో ఆపితే రేపటిదాకా అలాగే ఉంటుంది. పొయ్యి మీద పాకం అలా ఉండదు. ఎనిమిది నెలల పిల్లాడున్న ఇంట్లో అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే.

ఇప్పుడు లైనింగ్ జాకెట్టుకి 350 తీసుకుంటున్నాను. లైనింగు గుడ్డ, దారం పోగా 270 దాకా మిగులుతుంది. ఒక్కోదానికి రెండున్నర గంటలు. శ్రావణంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమాను దాకా ఊపిరాడదు. దసరా వెళ్ళిన మంగళవారమే సిరిమాను కదా, సోమవారం రాత్రి పన్నెండింటికి కూడా "అక్కా, నా జాకెట్టు అయిందా" అని ఫోన్లు. ఆషాఢంలో, మూఢంలో మాత్రం మిషను మీద దుమ్ము తుడుచుకోవడమే పని. అందుకే నెలకింత అని చెప్పలేను. ఏడాది మొత్తం మీద సగటు చూస్తే ఆరు, ఆరున్నర.

దెబ్బ ఎక్కడంటారా, అరువులో. పైవాళ్ళు ఎవరూ ఎగ్గొట్టలేదు. పక్కింటి పిన్ని, ఆడపడుచు తోడికోడలు, ఇలాంటివాళ్ళే. ఒక ఏడాది లెక్క చూసుకుంటే 11,000 రావాలి. అడిగితే "పారిపోతామేటమ్మా" అంటారు. ఇప్పుడు ఆది జాకెట్టు ఇచ్చినప్పుడే సగం డబ్బులు తీసుకుంటున్నాను. ఇద్దరు మాట్లాడటం మానేశారు. మానేస్తే మానేశారు.

చోడిఅంబలి (శ్రీకాకుళం)
కుట్టుమిషను అప్ప చెప్పిన "మధ్యలో వదిలేయొచ్చా" పరీక్షలో నేను ఫెయిల్. నాది మొలకెత్తిన చోళ్ళ పిండి. (రాగులు అని అడుగుతారు విశాఖ కస్టమర్లు. ప్యాకెట్టు మీద రెండూ రాస్తాను.)

చోళ్ళు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచేసి గుడ్డలో మూట కట్టి, మొలకొచ్చాక నీడలో ఆరబెట్టి, సన్నసెగ మీద వేయించి, మొలకలు నలిపి చెరిగి, అప్పుడు మిల్లుకి. మూడు నాలుగు రోజుల పని. వేయించేటప్పుడు తప్ప పక్కనే ఉండక్కర్లేదు గానీ, వాన పడితే ఇంట్లో ఎవరున్నా పరుగే. మన తీరంలో తుఫానులు తెలిసినవే కదా. ఒకసారి మూడు రోజులు ముసురు పట్టి పదిహేను కిలోలు ముక్కవాసన వచ్చింది. మొత్తం పారబోశాను. ఎండబెట్టి అమ్మేద్దాం, ఎవరికి తెలుస్తుందిలే అని ఇంట్లో ఒకరన్నారు. పసిపిల్లలకి తాగించే పిండి అది. ఎలా అమ్ముతాను?

నా లెక్క తప్పు కూడా చెప్తాను. పది కిలోల చోళ్ళు 450, అందులోకి పెసలు, బాదం, యాలకులు 700, మిల్లుకి 100, కవర్లు స్టిక్కర్లు 150. మొత్తం 1,400. కిలో 200 చొప్పున అమ్మితే 2,000 వచ్చేవి. ఆరొందలు లాభం అనుకుని మురిసిపోయాను. గ్యాసుకి వంద తీసేస్తే ఐదొందలు, మూడు రోజుల చాకిరీకి! పొలం పనికి వెళ్ళినా అంతకంటే ఎక్కువే ఇస్తారు. తర్వాత కిలో 260 చేశాను. నలుగురు పోయారు, మిగిలినవాళ్ళు కొంటున్నారు. ముందే ఆ రేటు పెట్టాల్సింది.

తినే వస్తువు ఏది అమ్మినా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకోండి. ఆన్‌లైన్‌లోనే అప్లై చేశాను. చిన్నస్థాయి వాళ్ళకి ఏడాదికి వంద రూపాయలు కట్టించుకున్నారు. పద్నాలుగు అంకెల నంబరు ఇస్తారు, అది ప్యాకెట్టు మీద ఉండాలి. దాంతోపాటు తయారీ తేదీ, ఎన్నాళ్ళలోపు వాడాలి, బరువు, ఏమేం కలిపారు, చిరునామా, శాకాహారం ఆకుపచ్చ గుర్తు. ఆ నంబరు లేనప్పుడు ఒక్క షాపువాడు కూడా నా ప్యాకెట్టు అరలో పెట్టలేదు.

పలాసపిల్ల
మా దగ్గర జీడిపప్పు పని గురించి ఎవరైనా సలహా ఇస్తారేమో, నేనే ముందు చెప్పేస్తాను. కాల్చిన పిక్క కొట్టే పని ఇంటికి తెచ్చుకోకండి. తొక్కలోంచి వచ్చే జీడినూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. మా అమ్మ చేతులు చూస్తే తెలుస్తుంది. అదే చేత్తో పసివాణ్ణి ఎత్తుకోలేం. పప్పు మీద పొట్టు తీసే పని పర్వాలేదు, కిలోల లెక్కన ఇస్తారు. పప్పు విరక్కుండా గుండుగా వస్తే సరే, బద్దలైతే మాటలు పడాలి. మీ ఊరికి తెచ్చి ఇచ్చేవాళ్ళు కూడా ఉండరు.

పొందూరు_నూలు
మా నానమ్మ రాట్నం మీద వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, ఏకులు చేసి, సన్నటి నూలు తీసి చిలపలు కట్టి ఇచ్చేది. పిల్లల్ని పెంచుతూ ఇంట్లో చేసుకునే పనంటే మా ఊళ్ళో తరతరాలుగా ఇదే. గాంధీగారు మెచ్చుకున్న నూలు అని అందరూ ఫొటోలు తీసుకుంటారు. వడికే ఆవిడకి రోజుకి ఎంత వస్తుందని ఎవరూ అడగరు. మా అమ్మ నేర్చుకుంది, నేను నేర్చుకోలేదు. కొత్తగా మొదలుపెట్టి నెలకి ఐదు వేలు అంటే ఇది దారి కాదు అక్కా. చెప్పడానికి నాకే బాధగా ఉంది.

ఆమదాలవలస_అమ్మ
అందరికీ థాంక్సండీ. టైపింగ్ వర్క్, డేటా ఎంట్రీ అని ఫోన్‌కి మెసేజీలు వస్తున్నాయి. రిజిస్ట్రేషనుకి 1,999 కట్టమంటున్నారు. ఎవరైనా చేశారా?

మూడులాంతర్లు (విజయనగరం)
కట్టకండి. కట్టకండి. కట్టకండి.

నేను కట్టాను. పేజీలు టైపు చేసి పంపితే "తప్పులు ఎక్కువ ఉన్నాయి, అగ్రిమెంటు ప్రకారం మీరే మాకు డబ్బు కట్టాలి" అని లాయరు నోటీసు లాంటిది వాట్సాప్‌లో పంపించారు. భయపడి ఇంట్లో చెప్పకుండా ఇంకో మూడు వేలు కట్టాను. అంతా అయ్యాక నాకు బుద్ధొచ్చిందా? లేదు. మర్నాడే హోటళ్ళకి రేటింగ్ ఇస్తే టాస్కుకి యాభై అన్నారు. మొదట రెండొందలు నిజంగానే వేశారు. ఆ తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని వెయ్యి, ఐదు వేలు, పది వేలు. చివరికి 18,500 పోయింది. ఆ రాత్రి ఓలమ్మో అని ఏడ్చాను, గట్టిగా ఏడవడానికి కూడా లేదు, ఆయన లేస్తారని.

ఎవరికైనా ఇలా జరిగితే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు వాళ్ళ ఖాతాలోంచి ఇంకో ఖాతాకి దాటిపోకముందే చెప్తే ఆపే అవకాశం ఉంటుంది. నేను సిగ్గుపడి నాలుగు రోజులు ఆగాను. పని ఇచ్చేవాడు మనకి డబ్బు ఇవ్వాలి గానీ మన దగ్గర అడగడమేంటి అన్న చిన్న సంగతి అప్పుడు బుర్రకి తట్టలేదు.

గజపతినగరం_మాష్టారు
ఇంట్లో ఖాళీగా ఉండే మహిళలకు ప్రభుత్వ పథకాలు చాలా ఉన్నాయి. ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రాల్లో టైలరింగ్ శిక్షణ ఉచితం, భోజనం కూడా వాళ్ళదే. చేతివృత్తులవాళ్ళ కోసం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో టైలర్లు కూడా ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000, మొదటి విడత రుణం లక్ష దాకా, 5 శాతం వడ్డీకి. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ (సంఘం ద్వారా బ్యాంకు రుణం) ఉంది.

కుట్టుమిషను (విజయనగరం)
మాష్టారూ, వివరాలకి దండం. "ఖాళీగా" అన్నారు చూశారా, ఆ ముక్క మా వీధిలో అనకండి. ఇంకోటి, శిక్షణకి పసివాణ్ణి ఎవరికి అప్పగించి వెళ్ళాలో ఏ పథకంలోనూ రాయరు.

గజపతినగరం_మాష్టారు
పొరపాటేనమ్మా. మా ఆవిడ పక్కనుంచి ఇది చదివి, కాఫీ నన్నే పెట్టుకోమంది.

టాలీ_అప్ప (ఇచ్ఛాపురం)
ఆమదాలవలస అమ్మగారూ, బీకాం చదివి, రెండేళ్ళు బిల్లింగు చేసి, హుక్సుల దగ్గర ఎందుకు ఆగిపోతారు? నేను మా ఊళ్ళో నాలుగు షాపుల లెక్కలు ఇంటి నుంచే చూస్తున్నాను. షాపుకి 1,500. వాళ్ళు కొనుగోలు బిల్లులు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, రాత్రి పిల్లలు పడుకున్నాక టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాను. మధ్యలో లేవాల్సి వస్తే సేవ్ చేసి లేస్తాను.

నెలంతా ఒకేలా ఉండదు. నెల నెలా జీఎస్టీ రిటర్ను వేసేవాళ్ళకి అమ్మకాల రిటర్ను 11లోపు, పన్ను కట్టే రిటర్ను (3బి) 20లోపు. ఆ పది రోజులు మాత్రం ఇంట్లో నన్ను ఎవరూ పలకరించకూడదు. టర్నోవరు ఐదు కోట్ల లోపువాళ్ళు మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. నా నలుగురిలో ముగ్గురు అదే.

నేను పడ్డ గోతులు చెప్తాను. మా షాపులవాళ్ళు సగం సరుకు బరంపురం నుంచి తెస్తారు. ఆంధ్రా జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, ఒడిశాది 21తో. ఒడిశా బిల్లుకి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటి వచ్చే సరుకు మీద పన్ను, పడుతుంది. మొదటి నెలలో నేను అలవాటు కొద్దీ మన రాష్ట్రంలో కొన్న సరుకులాగే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని చెరి సగం ఎక్కించేశాను. 2బి స్టేట్‌మెంటుతో (మనకి అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల జాబితా, పోర్టల్‌లో వస్తుంది) సరిచూస్తే ఒక్కటీ కలవలేదు. రెండు రాత్రులు కూర్చుని సరిచేశాను. ఇంకోసారి రిటర్ను ఆలస్యమైంది, రోజుకి యాభై లేటు ఫీజు. ఓటీపీ సమయానికి చెప్పంది ఓనరు, తిట్లు పడింది నేను. అప్పట్నుంచి పదో తారీకు కల్లా బిల్లులన్నీ రాకపోతే నాకు సంబంధం లేదని ముందే మెసేజీ పెట్టి ఉంచుతున్నాను. పోర్టల్ పాస్‌వర్డు, ఫోన్ నంబరు ఓనరువే ఉండాలి, మనవి పెట్టకండి. ఆడిట్టు, సంతకాలు అంటే ఆడిటరు దగ్గరికి పంపేయండి. నిజానికి నాకు రెండు షాపులు ఇప్పించింది ఆడిటరుగారే, ఆయన దగ్గర ఎంట్రీలు చేసే కుర్రాడు మానేస్తే.

చోడిఅంబలి (శ్రీకాకుళం)
అప్పా, నా పిండి లెక్కలు కూడా చూసిపెడతారా? ఫీజు పిండి రూపంలో.

టాలీ_అప్ప (ఇచ్ఛాపురం)
చూస్తాను. డబ్బు రూపంలో :)

ఆమదాలవలస_అమ్మ
నెల్లాళ్ళయింది, ఏమైందో చెప్పాలి కదా. స్టేషను దగ్గర ఒక మందుల షాపు ఒప్పుకుంది. నెలకి 1,200 అన్నారు, సరే అన్నాను. మందుల బిల్లులు ఇంత పొడుగుంటాయని తెలిస్తే రెండు వేలు అడిగేదాన్ని. మొదటి జీతం నిన్ననే ఫోన్‌పేలో వచ్చింది. బాబు నా ఒళ్ళో ఉండగా ఒక చేత్తోనే ఎంట్రీ చేయడం అలవాటైంది. ఒకసారి వాడు కీబోర్డు మీద కొట్టిన దెబ్బకి ఒక బిల్లు 450 బదులు 4,50,000 అయి కూర్చుంది. చూసుకున్నాను కాబట్టి సరిపోయింది.

రెండోది మా పెదమావయ్యగారి సిమెంటు షాపు. మూడు నెలల పాత బిల్లులు గోనెసంచిలో పోసి పంపించారు. అన్నీ ఎక్కించేశాను. ఎంతివ్వాలో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మొన్న మా ఆయన కదిపితే "మన పిల్లే కదా, దసరాకి చూద్దాంలే" అన్నారట.

కుట్టుమిషను (విజయనగరం)
ఏ దసరాకో అడిగారా?